పాత బ్రేకు ప్యాడ్లు పంపుతున్నాను

పి.గన్నవరం,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన సత్తిబాబుకు,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. ఇంతకాలం జవాబు రాయనందుకు మన్నించు. తుఫాను వానలు, మాసూళ్లు, అమ్మ కంటి ఆపరేషను ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. అమ్మ కోలుకుంది, చిన్నది పరీక్షలకు చదువుతోంది, మీ పెరటి కొబ్బరి చెట్లు గాలికి తట్టుకుని నిలబడ్డాయి. మిగతా కబుర్లు సంక్రాంతికి చెప్పుకుందాం. ఈ ఉత్తరం రాస్తున్నది ఒకే ఒక్క సంగతి కోసం: కారు బ్రేకులు. నీ కారూ నా కారూ ఒకే నెలలో కొన్నవి కనుక, ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

వానల్లో కారును మూడు వారాలపాటు కొట్టంలోంచి తీయలేదు. వెలిసిన రెండో రోజున అమ్మకు కట్టు మార్పించడానికి అమలాపురం వెళ్లి, తిరుగు ప్రయాణంలో అంబాజీపేట దాటి కాలవ గట్టు మీద వస్తున్నాను. ఎడమ చేతి వైపు నిండు కాలవ. ఇంతలో చేలోంచి బాతుల మంద ఒకటి గట్టెక్కి రోడ్డుకు అడ్డంగా నడిచింది. వాటి వెనక కర్ర పట్టుకుని ఎనిమిదేళ్ల పిల్లవాడు. బ్రేకు తొక్కాను. కారు ఆగింది, కాని ఆగిన తీరు నన్ను ఇప్పటికీ వదలడం లేదు. పాదం కింద పెడలు లేస్తూ పడుతూ ఉంది, స్టీరింగు రెండు చేతుల్లోనూ ఊగిపోయింది, అన్నిటికన్నా ఘోరం, బండి ఎడమకు, అంటే కాలవ వైపుకు లాగింది. ముందు చక్రానికీ గట్టు అంచుకూ మధ్య మూరెడు నేల మిగిలింది. వెనక సీటులో కంటికి కట్టుతో కూర్చున్న అమ్మ, "ఇల్లు వచ్చేసిందా నాయనా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

నాకప్పుడు లాకుల దగ్గర మన ఎర్ర సైకిలు గుర్తుకు వచ్చింది. ఆ రోజు నీ కుడికాలి చెప్పు ఏమైందో మనిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు, తెలియనివ్వకు. నాన్నగారు ఉండి ఉంటే ఈ కబురు విని... సరే, ఆ మాట కలిసినప్పుడు.

మర్నాడు ఎండ కాశాక పొడి రోడ్డు మీద అరవై వేగంలో మెల్లగా తొక్కి చూశాను. తడి నేల మీద గట్టిగా తొక్కినప్పుడు, చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ కూడా పెడలును ఇలాగే తన్నుతుంది కనుక ముందు దాని పనే అనుకున్నాను. మెల్లగా తొక్కినా స్టీరింగు వణికేసరికి తప్పు డిస్కులో, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు పలకలో, ఉందని అర్థమైంది. మొదట చూపించిన చోట ఒక కుర్రవాడు చక్రమైనా ఊడదీయకుండానే, డిస్కును లేతు పట్టించి, అంటే మిషను మీద పైపొర చెక్కించి, దాన్ని రెండు వైపులా నొక్కే ప్యాడ్లు మారిస్తే చాలన్నాడు. నాకు మనసొప్పలేదు. నేరుగా రావులపాలెం, మన షెడ్డు మామయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన సంగతి నీకు తెలుసు, కొలిచిన తరువాతే నోరు విప్పుతాడు.

ఆయన కొలిచిన పద్ధతి నువ్వు చూడవలసింది. డిస్కు అంచున, ప్యాడు తగలని చోట, తుప్పు పట్టిన సన్నని గట్టు ఒకటి మిగిలి ఉంటుంది. నేను మందం కొలిచే వెర్నియరు పెడితే దాని దవడలు ఆ గట్టు మీద ఆని 19.8 మిల్లీమీటర్లు చూపించాయి. పరవాలేదనుకుని సంతోషించాను. మామయ్య జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి, ప్యాడు రాసుకునే చోట లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి ఆనించి, వాటి మీద వెర్నియరు పట్టాడు. 20.4 వచ్చింది. బిళ్లలు రెండింటినీ కలిపి కొలిస్తే 2.9. అది తీసివేస్తే డిస్కు మందం 17.5 మాత్రమే. అప్పుడు డిస్కు నడుమ టోపీలాంటి భాగం మీద తుప్పు గీకి, కనిష్ఠ మందం 18 అని కంపెనీవారే పోసిన అంకెను చూపించాడు. అప్పటికే హద్దు దాటి అరిగినదాన్ని లేతు పట్టిస్తే ఇంకా పలచబడుతుంది, పలచని డిస్కు వేడిని మోయలేదు. ఆ కుర్రవాడి మాట విని ఉంటే ఏమయ్యేదో!

వణుకు ఎందుకు వచ్చిందంటే, మూడు వారాలు ప్యాడ్లు ఒకే చోట తడి డిస్కును పట్టుకుని ఉండడం వల్ల వాటి ఆకారంలోనే తుప్పు అచ్చు పడింది. డిస్కు వంగిందని అందరూ అంటారు గాని, చాలాసార్లు జరిగేది ఇదే: చుట్టూ మందం ఒకే తీరుగా లేకపోవడం. ఇక ఎడమకు లాగడానికి కారణం కుడి చక్రంలో ఉంది. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ జారే పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయాయి, అందువల్ల లోపలి ప్యాడు ఒక్కటే అరుగుతూ కుడి బ్రేకు బలం తగ్గింది. రొయ్యల లారీలు ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే రోడ్ల మీద మనం రోజూ తిరుగుతున్నాం. నూనె మార్పించడం గుర్తు పెట్టుకున్నట్టు ఈ పిన్నులను శుభ్రం చేయించడం గుర్తు పెట్టుకోలేదు.

తరువాత కొనుగోలు. రాజమండ్రిలో ఒక దుకాణంవారు బెజ్జాలూ గాట్లూ ఉన్న డిస్కులు చూపించి, ఇవి వేస్తే బండి ఉన్నచోటే ఆగుతుందన్నారు. చూడడానికి ముచ్చటగానే ఉన్నాయి. కాని అవి పందెం వేగాల వేడికి పనికివచ్చేవి. మన నలభై, యాభై వేగాలకు బెజ్జాల్లో బురద నిండడమే మిగులుతుంది, పైగా వేడికి పగుళ్లు ఆ బెజ్జాల దగ్గరే మొదలవుతాయి. రెండు పలకల మధ్య గాలి పోవడానికి రెక్కలున్న మామూలు డిస్కే నాకు నచ్చింది. తుప్పు పట్టకుండా అంచులకూ నడుమ భాగానికీ పూత వేసినవి అడిగి తెప్పించుకున్నాను. మన గాలికి ఆ పూతకు పెట్టిన డబ్బు వృథా కాదు. పాడైంది కుడిదే అయినా ఎడమదీ మార్చాను, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి మళ్లీ ఒక పక్కకు లాగుతుంది.

ప్యాడ్ల దగ్గర నాకు రెండు రోజులు పట్టింది. లోహపు పొడి ఎక్కువగా కలిసినవి వేడెక్కినా పట్టు వదలవు, కాని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అంత పట్టవు, కీచుమంటాయి, డిస్కునూ త్వరగా తింటాయి. లోహం లేని మెత్తని రకం చప్పుడు చేయదు, త్వరగా అరిగిపోతుంది. సిరామిక్ రకం ఖరీదు ఎక్కువ. అయితే చప్పుడూ తక్కువ, చక్రాలకు అంటుకునే నల్లపొడీ తక్కువ. నేను సిరామిక్‌వే వేయించాను. నువ్వు హైదరాబాదు ట్రాఫిక్కులో తిరిగేవాడివి, నీకూ అవే సరిపోతాయి. నెలకోసారి నిండు బరువుతో మారేడుమిల్లి ఘాటు దిగేవాడివైతే లోహం కలిసినవే తీసుకోమనేవాణ్ని. ఈ కొబ్బరి దింపు డబ్బులో సగం దీనికే అయింది, నాకు చింత లేదు.

బిగింపు దగ్గరుండి చూసుకో సత్తిబాబూ, దుకాణంలో ఎంత మంచి సరుకు కొన్నా అక్కడే చెడుతుంది. డిస్కు కూర్చునే హబ్బును మామయ్య వైరు బ్రష్షుతో తళతళలాడేదాకా రుద్దించాడు. అక్కడ ఇసుక రేణువంత తుప్పు మిగిలినా డిస్కు అంచున ఊపు వస్తుందట. పిన్నులకు సిలికాన్ గ్రీజే రాశాడు, మామూలు గ్రీజు రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీలుస్తుంది కనుక అదీ మార్పించాను: డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. బండి కదిపే ముందు పెడలు గట్టిపడేదాకా తొక్కడం మరచిపోకు. కొత్త ప్యాడ్లు పట్టడానికి, ప్యాడును నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టారు కనుక మొదటి తొక్కుకు పెడలు నేలకు తగులుతుంది.

మర్నాడు తెల్లవారుజామున ఖాళీ హైవే మీద అరవై నుంచి ఇరవైకి తగ్గిస్తూ పదిసార్లు మెత్తగా తొక్కాను. మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపలేదు, వేడి ప్యాడు ఒకచోట నిలిస్తే డిస్కు మీద అచ్చు పడుతుంది. కాస్త మాడు వాసన వచ్చింది, తరువాత తొక్కకుండా పోనిచ్చి చల్లారబెట్టాను. నిన్న అమ్మను ఎక్కించుకుని అదే గట్టు మీదుగా వెళ్లి, ఆ బాతుల చోట కావాలనే ఆపాను. స్టీరింగు కదలలేదు. ఆ పిల్లవాడు అక్కడే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. దిగి వాడితో మాట్లాడదామనుకున్నాను గాని...

బావమరిది బస్సుకు బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. పూతరేకుల డబ్బా కింద కాగితంలో చుట్టినవి కుడి చక్రం పాత ప్యాడ్లు, విసిరేయకు. లోపలిది రెండు మిల్లీమీటర్లు, బయటిది ఆరు. ఏది ఏదో వెనక సుద్దతో రాశాను. వాటిని చేత పట్టుకుని రేపే నీ చక్రం ఊడదీయించు, రూపాయి బిళ్లలు రెండు జేబులో వేసుకుని వెళ్లు. గేటు దగ్గర హారను కొడుతున్నాడు, చెల్లెమ్మను అడిగానని

నీ
చంటి