ఆ మూడు పంక్తుల కోసం

అనంతపురం,
ఆదివారం రాత్రి

ప్రియమైన శేఖర్,

నీ రెండు ఉత్తరాలూ బల్ల మీదే ఉన్నాయి. జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చెల్లెలికి కర్నూలులోనే ఉద్యోగం వచ్చింది. నీలం గొడుగు నా దగ్గరే భద్రంగా ఉంది, దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

థీసిస్ చివర నా వాన లెక్కల ప్రోగ్రామ్ అచ్చు వేయాలి కదా. వేరుశనగ విత్తే రోజుల్లో వానకూ వానకూ మధ్య ఎన్ని రోజుల ఎడం వస్తుందో లెక్కగట్టే ఆ పైథాన్ కోడ్‌లో మూడు కామెంట్లు, అంటే కంప్యూటర్ పట్టించుకోని, చదివే మనిషి కోసం హ్యాష్ గుర్తు తర్వాత రాసే మాటలు, తెలుగులో రాసుకున్నాను. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. ఆ అంకె పక్కన, 'ఇంతకు తక్కువైతే దుమ్మును అణచే వానే, విత్తే వాన కాదు: నాన్న' అని ఉంది. మిగతా రెండూ అలాంటివే.

పది రోజుల కిందట ఆ కోడ్‌ను, థీసిస్ పేజీలు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, కోడ్ అచ్చు వేయడానికే ఉన్న లిస్టింగ్స్ ప్యాకేజీతో పెట్టాను. పొడవు పంక్తులు కుడి అంచు దాటి కాగితం బయటికి పోయాయి. పంక్తిని విరిచే బ్రేక్‌లైన్స్ ఆప్షన్ పెడితే లోపలికి వచ్చాయి. కొటేషన్ల మధ్య ప్రతి ఖాళీలోనూ చిన్న తొట్టిలాంటి గుర్తు కనిపించింది. ఏదో తప్పు చేశానని సగం రోజు వెతికాను. అది ఆ ప్యాకేజీ అలవాటట, మనం వద్దని చెప్పేదాకా వేస్తూనే ఉంటుంది. ఇవన్నీ ఒక పూట పనులు.

తెలుగు దగ్గరే అసలు కష్టం మొదలైంది. లేటెక్‌లో మామూలు రకమైన పీడీఎఫ్‌లేటెక్‌లో లిస్టింగ్స్ ఒక్కో బైటునూ (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న ముక్కను) విడిగా చదువుతుంది. మన అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఎర్రర్లు వరుస కట్టాయి. సరే అని, అన్ని లిపులనూ చదవగల మరో రకం జీలేటెక్‌కు మారాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. సంతోషంగా పేజీ తెరిస్తే, కామెంట్లున్న చోట ఉత్త హ్యాష్ గుర్తు! కోడ్‌కు వాడిన ఫాంటులో తెలుగు లేదు, అందుకని అక్షరాలను నిశ్శబ్దంగా వదిలేసింది. ఆ సంగతి లాగ్ ఫైల్లో మాత్రం రాసిపెట్టింది. ఎర్రర్ కన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది, శేఖర్. చూసుకోకుండా అలాగే బైండింగ్‌కు ఇచ్చి ఉంటే...

నోటో తెలుగు ఫాంటు జోడించాను. ఈసారి అక్షరాలు వచ్చాయి, కానీ ముక్కలు ముక్కలుగా. లిస్టింగ్స్ నిలువు వరుసలు కుదరాలని ఒక్కో అక్షరాన్నీ ఒక్కో గడిలో పెడుతుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మన 'విత్తే'లో గుణింతమూ ఒత్తూ హల్లును వదిలి ఎలా నిలబడతాయి? గుడి ఒక చోట, పొల్లు ఒక చోట, మధ్యలో చుక్కల వలయాలు. నాన్న మాటను అలా చూడలేకపోయాను.

మా గైడు గారు మంచి మనిషి. 'ఇంగ్లీషులోకి మార్చెయ్యవయ్యా, పరీక్షకులు అవి చదవరు' అన్నారు. నేను ఒప్పుకోలేదు. లేటెక్‌కు పునాది అయిన టెక్ ప్రోగ్రామ్‌ను తయారుచేసిన డొనాల్డ్ కనూత్ 1984లోనే రాశాడు, ప్రోగ్రామ్ అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం కన్నా ముందు సాటి మనిషికి ఇచ్చే వివరణ అని. ఆ సాటి మనిషి మా నాన్న ఎందుకు కాకూడదు? గొంతు కాస్త పెరిగినట్టుంది, ఆయన ఇక ఏమీ అనలేదు. నువ్వుంటే మూడో బెంచీ మాట గుర్తుచేసి నన్ను ఆపేవాడివి.

గురువారం రాత్రి రెండింటికి దొరికింది దారి. లిస్టింగ్స్‌లోనే టెక్స్‌సీఎల్ అని ఒక ఆప్షన్ ఉంది. అది పెడితే కామెంట్‌ను గడుల్లో కుక్కకుండా మామూలు లేటెక్ వాక్యంలా కూరుస్తుంది. కామెంట్ శైలికి తెలుగు ఫాంటు ఇచ్చి, లిపి తెలుగు అని కూడా చెప్పాను. మళ్లీ ఎర్రర్! కామెంట్ ఇప్పుడు లేటెక్ వాక్యం కదా, అందులోని అండర్‌స్కోర్‌ను అది గణితం అనుకుంది. దాని ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాను. పేజీ తెరుచుకుంది. 'విత్తే వాన' ఒత్తుతో సహా నిండుగా కూర్చుంది. ఆ వేళప్పుడు ఎవరిని లేపను? ఒక్కడినే మేడ మీదికి వెళ్లి కాసేపు తిరిగాను.

నిన్న ఆ పేజీ ఒక్కటే ప్రింటు తీసి ఊరికి తీసుకెళ్లాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు పంక్తులన్నీ వేలితో దాటుకుంటూ వచ్చి, తెలుగు దగ్గర ఆగి పైకి చదివారు. మొదటిది, రెండోది. 'దుమ్మును అణచే వాన' దగ్గర వేలు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: 'ఇది నా మాట కాదురా. మీ అవ్వ అనేది. నా పేరెందుకు వేశావు?'

అవ్వ గొర్రు వెంట నడుస్తూ విత్తనం వేసేదట. నేను పుట్టక ముందే పోయింది కదా, ఆమె మాట ఒకటి నా కోడ్‌లో ఉందని నాకు ఇన్నాళ్లూ... సరే, అది కలిసినప్పుడు చెబుతాను, ఇప్పుడు రాయలేను.

ఇప్పుడు టవర్ క్లాక్ దగ్గర ప్రింటు షాపులోనే కూర్చుని రాస్తున్నాను. 'నాన్న' తీసి 'అవ్వ' అని మార్చాను. అయిదు ప్రతుల్లోనూ ఆ పేజీ మళ్లీ వేయించాలి. షాపతను షట్టర్ సగం దించి నా వైపే చూస్తున్నాడు. మీ నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆ విషయం ముందే అడగాల్సింది, వెంటనే రాయి.

నీ
రఘు