పాసులమ్మి వాద్యాలు కొన్నాం, నేర్పే సారును ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా కాలనీ ప్రభుత్వ ఉన్నత పాఠశాల సంగీత కార్యక్రమం వార్త వేశారు. ఫొటోలో అతిథులు జ్యోతి వెలిగిస్తున్నారు. కింద వాళ్ల పేర్లు, హోదాలు, ఎవరు ఎవరికి శాలువా కప్పారో కూడా రాశారు. పాడిన పిల్లల్లో ఒక్కరి పేరూ లేదు. పైగా అతిథుల చేయూతతో బడికి వాద్యాలు సమకూరాయని హెడ్డింగ్ పెట్టారు. ఇది నిజం కాదు. ఎవరైనా ఖండిస్తారేమోనని ఇన్ని రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

డబ్బు ఎవరిదో నాకు బాగా తెలుసు. కార్యక్రమం చూసే పాసులు అమ్మడానికి ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. పాసు 50 రూపాయలు. మన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లవాళ్లు కొన్నారు. ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే తండ్రులు కొన్నారు. బడి గేటు దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టుకునే ఆమె రెండు పాసులు కొని, ఆ పూట బేరం మానుకుని మరీ కార్యక్రమానికి వచ్చింది. పాత విద్యార్థులు వాట్సాప్ గ్రూపులో తలా కొంత పంపారు. హార్మోనియం, తబలా జత, డోలక్, ఒగ్గు డోళ్లు, తాళాలు అన్నీ ఈ డబ్బుతోనే వచ్చాయి. స్టేజీ మీద ఒక పెద్దమనిషి ప్రకటించిన విరాళం ఈ ఉత్తరం రాసే నాటికి బడికి చేరలేదు. వార్తలో మాత్రం మొదటి వాక్యం దాని గురించే.

నేను కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా భజన మండలిలో హార్మోనియం వాయిస్తాను. పెద్ద విద్వాంసుణ్ని కాను, పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నదే. బడిలో సంగీతం చెప్పేవాళ్లు లేరని హెడ్మాస్టర్ గారు అడిగితే సాయంత్రాలు వెళ్లి పిల్లలతో ప్రాక్టీసు చేయించాను. ఆ పిల్లల గొంతులు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. శ్రుతి అంటే ఏమిటో ఎవరూ చెప్పకపోయినా ఏడో తరగతి పాప ఒకతి హార్మోనియం మెట్టు నొక్కగానే సరిగ్గా ఆ స్వరం అందుకునేది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కొందరు ఒగ్గు డోలు నేర్చుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి తాత ఒగ్గు కథ చెప్పేవాడు. ఆయనే వచ్చి దరువు నేర్పాడు. అడగకపోయినా రోజూ వచ్చాడు, చార్జీలకు ఇస్తామన్నా తీసుకోలేదు.

కార్యక్రమం ఆరింటికన్నాం. ఆరింటికే బడి ఆవరణ నిండింది. అతిథులు ఎనిమిది దాటాక వచ్చారు. వాళ్లు వచ్చేదాకా మొదలుపెట్టొద్దని పైనుంచి ఫోను. పిల్లలు మేకప్ వేసుకుని, గజ్జెలు కట్టుకుని, నీళ్లు కూడా సరిగ్గా తాగకుండా రెండు గంటలకు పైగా క్లాసురూములో కూర్చున్నారు. ముందు వరుస సోఫాల మీద పేర్ల చీటీలు అంటించి ఉన్నాయి. డబ్బు పెట్టి పాసు కొన్న తల్లిదండ్రులు వెనక గోడ పక్కన నిలబడ్డారు. ఇక ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు. తొమ్మిదిన్నరకు మొదటి పాట ఎత్తుకున్నాం. చరణం పూర్తికాక ముందే ముఖ్య అతిథి లేచారు. ఆయన వెంట అనుచరులూ లేచారు. కుర్చీల చప్పుడులో పిల్లల పాట ఎవరికీ వినపడలేదు. నేను హార్మోనియం ఆపలేదు, పిల్లలూ ఆపలేదు. వాళ్ల ధైర్యానికి మెచ్చుకోవాలి.

పదింటికి కానిస్టేబుల్ వచ్చి మైకు ఆపమన్నాడు. అతన్ని నేనేమీ అనను. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. తన డ్యూటీ తాను చేశాడు. కానీ ఆ రూలు దెబ్బ ఎవరికి తగిలింది? ఆలస్యంగా వచ్చి గంటకు పైగా మాట్లాడినవాళ్లకు తగల్లేదు. చివరి వంతు కోసం భుజాన డోలు వేసుకుని నిలబడ్డ ఆడపిల్లలకు తగిలింది. వాళ్లు వాయించకుండానే ఇళ్లకు వెళ్లారు. నేర్పిన తాత కూడా జనంలోనే ఉన్నాడు. ఆయన పేరు స్టేజీ మీద ఎవరూ తలవలేదు, శాలువాల్లో ఒక్కటీ ఆయనకు కప్పలేదు.

ఆ ప్రసంగాల్లో కాకతీయుల గురించి చాలా చెప్పారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు రావడం మనందరికీ గర్వకారణం అన్నారు. నిజమే. రామప్పలో రాతిమీద చెక్కింది నాట్యగత్తెలను, మద్దెల వాయించేవాళ్లను. కాకతీయ రాజు గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని నృత్త రత్నావళి అనే నాట్య గ్రంథం రాశాడు. గీత రత్నావళి, వాద్య రత్నావళి కూడా రాశాడంటారు, అవి మనకు దక్కలేదు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోయడానికి ఆధారమైన గ్రంథాల్లో నృత్త రత్నావళి ముఖ్యమైనది. యుద్ధాలు చేసే కొలువులో ఉండి ఒక సేనాని ఇంత సంగీతం, ఇంత నాట్యం తెలుసుకున్నాడు. ఆయన పేరు చెప్పుకునే ఊళ్లో మన అధికారులు ఒక్క పిల్ల పాట చివరిదాకా కూర్చుని వినలేరా?

అసలు బడి పిల్లలు పాసులు అమ్ముకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్పష్టంగా ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు వంద మందికి మించితే ఆ బడిలో కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. మా బడిలో పిల్లలు అంతకంటే చాలా ఎక్కువమందే ఉన్నారు. బోధకుడు లేడు. కానీ ప్రోగ్రెస్ కార్డులో కళలు, సాంస్కృతిక విద్య అని ఒక గడి ఉంటుంది, అందులో ప్రతి పిల్లకూ ఒక గ్రేడు పడుతుంది. లెక్కల సారో, సైన్సు మేడమో వేస్తారు. పాపం వాళ్లనని ఏం లాభం, గడి ఖాళీగా ఉంచితే పైవాళ్లు ఊరుకోరు. మనవరాలి కార్డులో ఆ గ్రేడు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. పాఠం చెప్పకుండా మార్కు వేయడం పిల్లలకు మనం నేర్పుతున్న అబద్ధం.

నేర్పేవాళ్లు దొరకరా అంటే, మన వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా చేసినవాళ్లున్నారు. ఊళ్లలో ఒగ్గు, చిందు కళాకారులున్నారు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి విద్య ఉన్నవాళ్లను వారానికి రెండు రోజులు బడికి పిలిచి గౌరవంగా వేతనం ఇస్తే చాలు. కాళోజీ కళాక్షేత్రం కట్టారు, చాలా సంతోషం. రేపు ఆ స్టేజీ మీద పాడాల్సిన పిల్లలు తయారు కావాల్సింది ఈ బడుల్లోనే.

ఇప్పుడు మేము కొన్న వాద్యాలు హెడ్మాస్టర్ గారి గదిలో బీరువాలో ఉన్నాయి. నేను వెళ్లిన రోజు తీస్తారు, లేని రోజు తాళం. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, మోకాళ్ల నొప్పులు. ఎంతకాలమని వెళ్లగలను? వాన పడితే తబలా మూత బిగువు సడలుతుంది, దాన్ని సరిచేయడం తెలిసిన మనిషి బడిలో ఉండాలి.

మీ పత్రికకు రెండు విన్నపాలు. పాసులు కొన్నవాళ్ల డబ్బుతోనే వాద్యాలు వచ్చాయని సవరణ వేయండి. మీ విలేకరిని సభలు, సన్మానాలు లేని మామూలు పనిదినాన బడికి పంపండి. జిల్లాలో ఎన్ని ఉన్నత పాఠశాలల్లో సంగీతం చెప్పే మనిషి ఉన్నాడో, లేనిచోట ఆ గ్రేడు ఎవరు వేస్తున్నారో విద్యాశాఖ అధికారులను అడిగి, వాళ్లిచ్చే జవాబును అదే జిల్లా పేజీలో వేయండి.

భజన మండలి హార్మోనియం వాద్యకారుడు,
వరంగల్