మైలేజీ పడిపోతే తప్పంతా ఎథనాల్‌దేనా?

ఎడిటర్ గారికి నమస్కారం. ఈమధ్య మీ ఉత్తరాల పేజీలోనే కాదు, ఎక్కడ నలుగురు కూర్చున్నా ఎథనాల్ గొడవే. పెట్రోల్లో 20 శాతం కలిపినప్పట్నించీ మైలేజీ నాశనమైపోయింది, 15 ఇచ్చే కారు 11, 12కి పడిపోయింది అని అందరూ తిడుతున్నారు. నేను గుంటూర్లో చాలా ఏళ్ళు ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసినవాడిని, ఇప్పుడు షాపు మావాడు చూసుకుంటున్నాడు, నేను ఊరికే వెళ్ళి కూర్చుంటా. ఎథనాల్ వల్ల తగ్గదని నేననట్లేదు, తగ్గుద్ది. ఎథనాల్లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కాబట్టి తగ్గాల్సిందే. నీతి ఆయోగ్ వాళ్ళు 2021లో ఇచ్చిన రిపోర్టులోనే పాత కార్లకి 6, 7 శాతం దాకా పోవచ్చని రాశారు. సరే, ఆ లెక్కన 15 ఇచ్చే బండి 14 ఇవ్వాలి కదండీ, 12కి వచ్చిందంటే మిగతా రెండూ ఎవరు తాగినట్టు?

నా అనుభవంలో పదేళ్ళు దాటిన పెట్రోల్ కార్లలో ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్ సెన్సార్‌ని, మావాళ్ళు ఓటూ సెన్సార్ అంటారు. సైలెన్సర్ పైపులో పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కంటే ముందు ఒకటుంటుంది, చాలా బండ్లకి వెనక ఇంకోటి. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో బయటి గాలితో పోల్చి చూసి చిన్న వోల్టేజీ పంపుద్ది, పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, తక్కువైతే 0.1 దగ్గర, దాన్ని బట్టి బండిలో ఉండే కంప్యూటర్ పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకి కొంచెం పెంచు, కొంచెం తగ్గించు అని చెప్తా ఉంటుంది. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఎథనాల్ కలిస్తే దాదాపు 13.5 చాలు, ఈ తేడా కనిపెట్టి సర్దుకునేది కూడా ఈ సెన్సారే. అంటే ఎథనాల్ వచ్చాక దీని పని పెరిగింది, పాత బండ్లలో ఏమో ఇది ముసలిదైపోయింది.

ఇది ఒక్కసారిగా చచ్చిపోతే మంచిదే, చెక్ ఇంజిన్ లైటు వెలుగుద్ది, మనమూ షాపుకి పోతాం. తంటా అంతా నెమ్మదిగా మొద్దుబారినప్పుడే. మసి పట్టో, ఇంజిన్లో కాలిన ఆయిల్ పొగ పట్టో, అతుకుల్లో పెట్టే గ్యాస్కెట్‌కి ఎవరో చవక సిలికాన్ పూస్తే దాని ఆవిరి పట్టో రీడింగ్ ఆలస్యంగా ఇస్తా ఉంటుంది, లేకపోతే ఎప్పుడూ పెట్రోల్ తక్కువుందనే చెప్తా ఉంటుంది, కంప్యూటర్ పాపం నమ్మి ఇంకా పోస్తా ఉంటుంది, లైటు మాత్రం వెలగదు. లోపల దాన్ని వేడెక్కించే హీటర్ పోయినా పెట్రోల్ దండగే. సెన్సార్ 300 డిగ్రీలకి పైన వేడెక్కితే గానీ పని చెయ్యదు, బ్రాడీపేట నించి అరండల్‌పేట దాకా పోయి ఆపేసే బండిలో అది వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది, అప్పటిదాకా పెట్రోల్ ధారాళంగా పోతానే ఉంటుంది. మన విజయవాడ వాళ్ళకి ఇంకో సంగతి, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లు సెకండ్ హ్యాండ్‌లో తగలొచ్చు, ఈ సెన్సార్ బయటి గాలిని తీసుకునేది చాలా వాటిలో దాని వైర్ల సందుల్లోంచే, ఆ కనెక్టర్లో నీళ్ళు చేరి పచ్చగా చిలుం పడితే రీడింగ్ సరిగ్గా ఎట్లా వస్తుంది? అట్లాంటి కారు కొన్నవాళ్ళు ముందు ఆ కనెక్టర్ ఊడదీయించి చూడండి.

అయితే ఇది చదివి రేపే ఆటోనగర్ పోయి సెన్సార్ మార్పించేయొద్దు. మార్చక చెడినవాళ్ళకంటే ఊరికే మార్చి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళనే నేను ఎక్కువ చూశా. స్కానర్ పెట్టి కోడ్ వచ్చింది సార్, సెన్సార్ పోయింది సార్ అంటారు. పి0171 అని వస్తే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని మాత్రమే అర్థం, సెన్సార్ పోయిందని కాదు. సెన్సార్‌కి ముందు పైపు పగిలినా, మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని అదే రీడింగ్ వస్తుంది, కొత్త సెన్సార్ వేసినా అదే వస్తుంది. అందుకని స్కానర్లో లైవ్ డేటా చూపించమనండి. ఇంజిన్ బాగా వేడెక్కాక రైజ్ చేసి పట్టుకుంటే ముందు సెన్సార్ గీత పైకీ కిందకీ గబగబా ఊగాలి, బద్ధకంగా ఊగినా ఒకచోటే నిలబడినా అనుమానించాలి, వెనక సెన్సార్‌ది మాత్రం దాదాపు నిలకడగా ఉండాలి. (కొన్ని కొత్త మోడళ్ళలో ముందుది వేరే రకం, దానికి ఈ లెక్క వర్తించదు.) ఫ్యూయల్ ట్రిమ్ అని, కంప్యూటర్ పెట్రోల్ ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, అది పది శాతం దాటి అటో ఇటో పోతే ఎందుకు పోయిందో చెప్పమనండి. చెప్పలేకపోతే థాంక్స్ చెప్పి పక్క షాపుకి పోండి, విజయవాడ ఆటోనగర్లో షాపులకి కొదవా. రెండు సెన్సార్లూ జతగా మార్చాలనేవాళ్ళ మాట కూడా వినొద్దు, వెనకది ముఖ్యంగా కన్వర్టర్ని కనిపెట్టుకుని ఉండేది, మైలేజీలో దాని పాత్ర తక్కువ.

మార్చాల్సే వస్తే మీ మోడల్‌కి వచ్చే కనెక్టర్ ఉన్నదే కొనండి. ఏ బండికైనా సరిపోద్దని అమ్మే యూనివర్సల్ రకానికి వైర్లు కోసి అతికించాలి, దాని మీద సోల్డరింగ్ పెడితే ఇందాక చెప్పిన గాలి దారి మూసుకుపోద్ది.

సెన్సార్ మారిస్తే 40 శాతం మైలేజీ పెరుగుద్దని యాడ్లలో చూసి ఆశపడొద్దు. అమెరికా ప్రభుత్వం వాళ్ళు చెప్పింది సెన్సార్ లాంటిది బాగా చెడిపోయిన బండికి 40 శాతం దాకా అని, ట్యూనింగ్ తప్పిన బండిని సరిచేస్తే సగటున 4 శాతమే అని వాళ్ళే చెప్పారు, మనవాళ్ళు మొదటి ముక్క మాత్రం పట్టుకున్నారు. అయినా లెక్కేయండి, నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి 12 నించి 14కి వస్తే దాదాపు 12 లీటర్లు మిగులుద్ది, లీటరు వంద వేసుకున్నా దాదాపు 1,200, సెన్సార్ ఖర్చు కొన్ని నెలల్లోనే వచ్చేస్తుంది. తీరిగ్గా చేద్దాంలే అని వదిలేస్తే ఎక్కువైన పెట్రోల్ కన్వర్టర్లో కాలి దాన్ని కూడా పాడుచేస్తుంది, దాని రేటు వింటే కారు అమ్మేద్దామనిపిస్తుంది.

మీ పేపర్ ద్వారా రవాణా శాఖ వాళ్ళకి ఒక్క మనవి. బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కార్లకి పొల్యూషన్ టెస్టులో ఇంజిన్ రైజ్ చేసి లాంబ్డా కూడా, అంటే గాలీ పెట్రోలూ సరైన పాళ్ళలో ఉంటే 1 వచ్చే అంకె, చూడాలని, అది 0.97, 1.03 మధ్య ఉండాలని రూల్ ఉండనే ఉంది. ఆ అంకె నిజంగా తీసి, కాస్త పెద్ద అక్షరాలతో సర్టిఫికెట్ మీద వేసి, తేడా ఉంటే సెన్సార్ చూపించుకోమని తెలుగులో ఒక లైను రాయిస్తే చాలు. ఇప్పుడైతే చాలాచోట్ల ఫోటో తీసి కాగితం చేతికిస్తున్నారు, దాని మీద ఏముందో ఇచ్చేవాడూ చదవడు, తీసుకునేవాడూ చదవడు.

– ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్, గుంటూరు