వార్షిక నివేదిక: బాల్‌రూమ్ డ్యాన్స్ తరగతులు, బరంపురం

సభ్యులకు నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఉగాది, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. ఈసారి సభ్యులు ఎక్కువగా అడిగింది ఒక్కటే: జంటలుగా చేసే బాల్‌రూమ్ నాట్యం తరగతి మొదలైనప్పుడు హాలు కిటకిటలాడి, నెల తిరిగేసరికి ఎందుకు పలచబడుతోందని. అడుగులు కష్టమై కాదు, పాట కుదరక.

వాల్ట్జ్ అనే జంట నాట్యానిది తిశ్ర నడక, అంటే ‘త-కి-ట’ అని మూడేసి దెబ్బలు. నిమిషానికి 28 నుంచి 30 ‘తకిట’లు పడాలి. ఇంకా వేగంగా సాగే వియన్నా వాల్ట్జ్‌కైతే 58 నుంచి 60. మన సినిమా పాటల్లో తిశ్ర నడకవి బోలెడున్నాయి కానీ, చాలావరకు ఈ రెంటికీ మధ్యన ఆగిపోతాయి. మొదటిదానికి పరుగు, రెండోదానికి ఈడ్పు. ఎంత నేర్పరులైనా అక్కడ తడబడతారు. అందుకే పాట పెట్టేముందు ఫోనులో 30 సెకన్లు చూసుకుని ‘త’ ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి. 14 గానీ 15 గానీ వస్తే వాల్ట్జ్‌కు పనికొస్తుంది. కాస్త తేడా ఉంటే వేగం నాలుగైదు శాతం మార్చుకోవచ్చు. అంతకు మించి తగ్గిస్తే గాయకుడు నిద్రలో పాడినట్టుంటుంది.

ఈ తంటా మనకే కాదు. 1922లో ప్రపంచ బాల్‌రూమ్ పోటీ గెలిచిన ఇంగ్లండు నర్తకుడు విక్టర్ సిల్వెస్టర్, అప్పటి రికార్డుల వేగం నాట్యానికి సరిపడక 1935లో సొంత వాద్యబృందమే పెట్టుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే లయ. ఆ రికార్డులు కోట్లలో అమ్ముడుపోయాయి. వినడానికి కాస్త చప్పగా ఉంటాయి, నిజమే. నేర్చుకోవడానికి అంతకంటే మంచివి లేవు.

ఇక వాల్ట్జ్ అడుగులు. మగవారు ఎడమ కాలు ముందుకు, కుడి కాలు పక్కకు, ఎడమ కాలు దాని పక్కకు చేర్చాలి. తర్వాత కుడి కాలు వెనక్కి, ఎడమ కాలు పక్కకు, కుడి కాలు చేర్చాలి. ఆడవారికి ఇదే తిరగేసి. అందరూ పొరపడేది మూడో అడుగులో. కాలు చేరుస్తారు, ఒంటి బరువు మాత్రం దానిమీదికి మార్చరు. దాంతో నాలుగో అడుగుకు లేవాల్సిన కాలు లేవదు, జోడీ కాలు తొక్కుతారు. చేర్చిన వెంటనే రెండో మడమ కాస్త ఎత్తి చూసుకుంటే ఆ తప్పు పోతుంది.

జోడీని పట్టుకోవడానికి మొహమాటపడేవారు మొదటి రెండు వారాలూ మోచేతులు పట్టుకుని చేయొచ్చు. ఆ తర్వాత మాత్రం మగవారి కుడి అరచేయి ఆమె ఎడమ భుజపుటెముక మీదే ఉండాలి. నడుం దగ్గరికి జారితే ఎటు తిరగాలో ఆమెకు తెలియదు.

చీర కుచ్చిళ్లు వెనకడుగులో మడమకింద పడుతున్నాయి. సల్వారు మేలు, లేదంటే చీర చీలమండ పైకి కట్టుకోండి. జంటలన్నీ హాలు చుట్టూ అప్రదక్షిణంగా తిరగాలి. గుడి అలవాటు కొద్దీ కొందరు ప్రదక్షిణంగా బయలుదేరి ఎదురొచ్చేవారిని గుద్దుతున్నారు!

వానాకాలంలో గోపాలపూర్ సముద్రతీరం వైపు గాలికి మొజాయిక్ గచ్చు చెమ్మగిల్లుతుంది. జారుతోందనో, అంటుకుంటోందనో పౌడరు చల్లకండి, ముద్దకట్టి ఇంకా ప్రమాదం. పొడిగుడ్డతో తుడిచి ఫ్యాన్లు వేయాలి. రబ్బరు అడుగున్న బూట్లు గచ్చును పట్టేస్తాయి, పాదం ఆగి మోకాలు మెలితిరుగుతుంది. స్వెడ్ తోలు (నూగున్న మెత్తని తోలు) అడుగున్నవి వాడండి. నున్నబడ్డప్పుడు తీగల బ్రష్షుతో రుద్దితే చాలు.

పిల్లలు చాచాచా అనే మరో జంట నాట్యం కావాలంటున్నారు. నిమిషానికి సుమారు 120 దెబ్బల పాటలు మనకు పుష్కలం కాబట్టి అది పెట్టడం సులువే. ముందడుగు మాత్రం రెండో దెబ్బకు పడాలి. ఒకటిన వేస్తే ‘చా-చా-చా’ పడాల్సిన చోట పడదు.

పాటల జాబితా కార్యాలయంలో ఉంది. కొత్త పాట తెచ్చేవారు 30 సెకన్ల లెక్క రాసి ఇవ్వాలి.