పాత సీరియల్ బైండ్లకు మళ్లీ కటింగ్ వద్దు

సంపాదకులకు,

వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి కుట్టించుకున్న బైండు పుస్తకాలు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. అట్ట ఊడితే బైండరు దగ్గరికి తెస్తారు. "మూడు వైపులా నీటుగా కట్ చేసి, గట్టిగా కుట్టి ఇవ్వండి" అంటారు. అడిగినట్టే చేసిస్తే చూడ్డానికి బాగుంటుంది, చదవడానికి పనికిరాదు.

ఈ పత్రికలు అచ్చయిన న్యూస్‌ప్రింటు కాగితంలో కర్రగుజ్జు ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. అచ్చులేని ఒక మూలను ముందుకీ వెనక్కీ మడిచి చూడండి. రెండు మూడు మడతలకే ఊడొస్తే ఆ పుస్తకాన్ని కటింగ్ మిషన్‌లో పెట్టకూడదు. బిగింపు పడగానే అంచులు రాలిపోతాయి. పైగా మొదటి బైండింగులోనే ఒకసారి కట్ అయి ఉంటుంది. ఇంకో మూడు మిల్లీమీటర్లు పోతే పేజీ నంబర్లూ బొమ్మల అంచులూ పోయినట్టే.

పక్క కుట్టు ఇంకా చేటు. వెన్ను నుంచి సుమారు సెంటీమీటరు లోపలికి పొడిచి కుడతారు. లోపలి మార్జిన్ ఒకటిన్నర సెంటీమీటర్లు లేకపోతే అక్షరాలు కుట్టులోకి పోతాయి. చదివేవారు అరచేత్తో నొక్కి తెరుస్తారు, కాగితం కుట్టు వెంబడే తెగుతుంది. బదులుగా విడి కాగితాలను రెండేసి చొప్పున సెంటీమీటరు వెడల్పు పల్చటి టిష్యూ పట్టీతో జతచేయాలి. నాలుగు జతలను ఒకదానిలో ఒకటి పెట్టి ఒక ఫారంగా (చిన్న కట్టగా) మడిచి మడతలోంచి కుట్టాలి. పట్టీ మందమైతే వెన్ను ఉబ్బి అట్ట మూతపడదు. రెండొందల కాగితాలకు వంద పట్టీలు! మజూరీ ఎక్కువే అవుతుంది, ఆ మాట ముందే చెప్పెయ్యాలి.

ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఆరాక కాగితం చిరగకుండా విప్పలేం. ఒక కొలత మైదాకు ఐదారు కొలతల నీళ్లు పోసి ఉడికించిన జిగురే మేలు, నీటితో తడిపితే వదులుతుంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు మానాలి. దానిలోని రాగి కాగితాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. ఏ రోజు జిగురు ఆ రోజే ఉడికించుకుంటే సరి.

సీరియల్ వెనక పేజీలో ప్రకటనలుంటే తెల్లకాగితం అతికించి కప్పమంటారు కొందరు. ఒక్కవైపే అతికిస్తే కాగితం వంకర తిరుగుతుంది. ఆ ప్రకటనలూ చూడముచ్చటగానే ఉంటాయి, ఉండనివ్వండి. సెలోటేపు, లామినేషన్ మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోకూడదు. టేపు బంక కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకవుతుంది, వేడితో అతికిన ప్లాస్టిక్‌ను మళ్లీ తీయలేం.

రెక్సిన్ రంగు, మూలలకు క్యాలికో గుడ్డ, వెన్ను మీద బంగారు అక్షరాలు... అట్ట వరకు ఏది అడిగినా చేయొచ్చు. మరీ పెళుసైనదాన్ని కుట్టకుండా అట్టపెట్టెలో ఉంచి, చదువుకోవడానికి జిరాక్సు కాపీని బైండు చేయించుకోవాలి. కటింగూ గట్టి కుట్టూ దానికి చేయించుకోండి. ఆ జిరాక్సు కూడా పాత కుట్టు విప్పి కాగితాలు విడిగా ఉన్నప్పుడే తీయించాలి. బైండును అద్దం మీద బోర్లించి నొక్కితే వెన్ను దగ్గర విరుగుతుంది.

- ఒక బైండరు, విజయవాడ