చౌడును తట్టుకునే వరి అంటే, ఏ చౌడును?

సంపాదకుల వారికి నమస్కారం.

మన 1010 వరిలో ఒక జన్యువును సవరించి చౌడును తట్టుకునే రకం తెచ్చారని 2025 మే నుంచి పేపర్లలో చదువుతున్నాం. పేరు పూసా డీఎస్‌టీ రైస్ 1. మార్టేరులో పుట్టిన కాటన్ దొర సన్నాలకు, అంటే ఈ 1010కే, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు చేసిన మార్పు ఇది. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు మాది సేద్యం. 1010 వేయని యాసంగి మాకు తక్కువ. అందుకే ఆశగా చదివాను. నాకు కావలసిన సంగతి మాత్రం ఎందులోనూ వివరంగా కనబడలేదు. అది తట్టుకునేది ఏ చౌడును? నారుగా ఉన్నప్పుడా, వెన్ను తీసి ఈనే దశలోనా?

అందరం చౌడు అనే అంటాం గానీ నేలలు ఒకటి కాదు. పాల చౌడులో ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. మంచి నీళ్లు నిలగట్టి మురుగు తీస్తే చాలావరకు కడుక్కుపోతుంది. కారు చౌడులో, అంటే క్షార నేలలో, సోడియం మట్టి రేణువులనే పట్టుకుని ఉంటుంది. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటుతుంది. తడిస్తే జిగురు, ఎండితే రాయి, నీళ్లు కిందికి దిగవు. మా కాలువ చివరి మడి అలాంటిదే, భూసార పరీక్షలో 9.2 వచ్చింది.

నీటి ఎద్దడి వచ్చిన ఏడు ఆ మడిలోనే నారు పోయాల్సి వచ్చింది. చౌడుకు ఆగుతుందని దుకాణంలో చెప్పి ఇచ్చిన విత్తనమే పోశాం. మొలక బాగానే వచ్చింది. తర్వాత కొత్తగా వచ్చిన ఆకులు పాలిపోయి తెల్లబడ్డాయి. ఇనుము అందించే అన్నభేదిలో నిమ్మ ఉప్పు కలిపి కొడితే కొంత తేరుకుంది, మిగతాది చచ్చిపోయింది. పక్క ఊళ్లో నారు కొని నాటేసుకున్నాం. ఆ ఖర్చు ఎవరిస్తారు?

నేను డిగ్రీలో బోటనీ చదివాను. ఆ నారు ఎందుకు పోయిందో తెలుసుకోవాలని వెతికి చదివాను. ఉప్పును తట్టుకునే గుణానికి పేరున్నది కేరళ తీరంలోని పొక్కాలి వరి. ఆ గుణంలో ముఖ్య భాగం ఒకటో క్రోమోజోములో సాల్టాల్ అనే చోట ఉంది. అదే చోట నోనా బోక్రా అనే రకం నుంచి 2005లో ఒక జన్యువును విడిగా గుర్తించారు. వేరు నుంచి పైకి పోతున్న సోడియంను అది మధ్యలోనే లాగేసి ఆకుకు చేరనివ్వదు. పాల చౌడులో నారుకు ఇది గొప్ప రక్ష. కారు చౌడులో సోడియం ఒక్కటే శత్రువు కాదు. క్షారానికి అసలు వేరు కూడా దెబ్బతింటుంది. ఇనుము, జింకు నేలలో ఉన్నా కరగవు, మొక్కకు అందవు. ఇనుమును కరిగించే పదార్థాన్ని బార్లీ వేర్లు బాగా వదులుతాయి, వరి వేర్లు తక్కువ వదులుతాయి. 2001లో జపాన్ శాస్త్రవేత్తలు బార్లీ జన్యువులను వరిలో పెట్టి, క్షార నేలలో అది బాగా పెరుగుతుందని చూపించారు. 2023లో చైనా శాస్త్రవేత్తలు జొన్నలో ఏటీ1 అనే జన్యువును గుర్తించారు. అది పనిచేస్తుంటే క్షారం తగిలిన కణం తనలో పుట్టిన విషాన్ని బయటికి నెట్టలేదు. వరిలో దానికి జోడు జీఎస్3, గింజ పొడవును నిర్ణయించే జన్యువే. దాన్ని పనిచేయకుండా చేస్తే క్షార నేలలో వరి దిగుబడి 20 శాతానికి పైగా పెరిగిందట. పొడవు గింజ రకాలు చాలావాటిలో ఆ జన్యువు సహజంగానే చెడి ఉంటుంది. మరి మన తెలుగు రకాల్లో దాని సంగతేమిటో మన శాస్త్రవేత్తలే చెప్పాలి.

ఇక ఆ పూసా రకంలో సవరించింది డీఎస్‌టీ అనే జన్యువును. దాన్ని సవరిస్తే ఆకు రంధ్రాలు తగ్గి నీరు తక్కువ ఆవిరవుతుంది. మంచిదే. నాకు అర్థమైనంతలో అది తెల్లబడిన నారుకు ఇనుము అందించే పని కాదు. క్షార నేలల్లో 14.66 శాతం ఎక్కువ పండిందని ప్రకటించారు, ఆ లెక్కల మీద అభ్యంతరాలూ వచ్చాయి. నేను జన్యు సవరణకు వ్యతిరేకిని కాను, ఆ విత్తనం నిజంగా పనిచేస్తే మొదట వేసేవాళ్లలో నేనుంటాను. కాకపోతే ఏ ఊరి నేలలో, ఎంత ఉదజని సూచికలో, నారు ఎక్కడ పోసి పండించారో బయటపెట్టాలి. మంచి నేలలో నారు పెంచి, ముదిరాక చౌడులో నాటితే నారుమడి సంగతి తెలియదు. నారు దశలో తట్టుకున్నది ఈనేటప్పుడు తట్టుకోవాలనీ లేదు, ఆ జన్యువులు చాలావరకు వేరు.

చౌడు విత్తనమని అమ్మే ప్రతి సంచి మీద పాల చౌడా, కారు చౌడా, ఎంత ఉదజని సూచిక వరకు అన్నది తెలుగులో ముద్రించాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను. హర్యానాలోని కర్నాల్ చౌడు నేలల పరిశోధన సంస్థ ఇచ్చిన సీఎస్ఆర్ 36 లాంటి రకాలు కారు చౌడు కోసమే పుట్టినవి. వాటిని మా ఆయకట్టులో, మా చౌడు మడుల్లోనే నారు పోసి 1010 పక్కన పెంచి చూపించండి. కారు చౌడును బాగుచేసే జిప్సం కూడా నాట్లయ్యాక కాదు, మేలోనే ఇవ్వండి. దాన్ని దుక్కిలో కలిపి నీళ్లు నిలగట్టి, మురుగు తీశాకే పచ్చిరొట్ట కోసం జీలుగ చల్లుకోవాలి మేము.

– ఒక మహిళా రైతు, మిర్యాలగూడ ప్రాంతం, నల్గొండ జిల్లా