గ్రాఫిక్స్ కార్డు మార్చి అమ్మితే ఆ ముక్క బిల్లు మీద రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీల్లో ఈమధ్య చిన్న ప్రకటనలు తెగ కనపడతా ఉండాయి, పాత వర్క్‌స్టేషన్ (డిజైన్లు, వీడియోలు లాంటి బరువు పనులకి చేసిన) ల్యాప్‌టాప్‌లకి గ్రాఫిక్స్ కార్డు, అంటే స్క్రీన్ మీద బొమ్మ తయారుచేసే భాగం, పెద్దది వేసి ఇస్తాం అని. నేను ఒంగోల్లో ఇళ్ళ ప్లాన్లు, ఎలివేషన్లు గీసే పని చేస్తా. నాబోటి వాళ్ళం, కావలి నెల్లూరుల్లో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రోళ్ళు, చీమకుర్తి గ్రానైట్ వాళ్ళకి త్రీడీ డిజైన్లు చేసిపెట్టే వాళ్ళు, అందరం ఈ సెకండ్ హ్యాండ్ మిషన్ల మీదే బతుకుతా ఉండాం, కొత్తది కొనాలంటే లక్షల్లో మాట కాబట్టి. అందుకని ఆ ప్రకటనలు మోసం అని నేను అనడంలా, కార్డు మార్చడం నిజంగా కుదిరే పనే. కాకపోతే ఏ కార్డు వేశారో, దాంతోపాటు ఇంకేం మార్చారో, ఏం మార్చకుండా వదిలేశారో బిల్లు మీద ఒక్క అక్షరం రాయరు, నా గొడవంతా దాని గురించే.

మామూలు ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటది, మార్చేది లేదు పెట్టేది లేదు. కొన్ని వర్క్‌స్టేషన్లకి మాత్రం విడిగా చిన్న కార్డు ఉంటది, దాన్ని ఎమ్‌ఎక్స్‌ఎమ్ అంటారు, 2004లో గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్‌విడియా కంపెనీ తెచ్చిన పద్ధతి. డెల్ ప్రెసిషన్ ఎమ్4800, ఎమ్6800, 7710, 7720, హెచ్‌పీ జెడ్‌బుక్ 17 పాత తరాలు ఇట్టాంటివే. వర్క్‌స్టేషన్ అని పేరుంటే కార్డు ఊడొస్తదని కాదు, థింక్‌ప్యాడ్ డబ్ల్యూ541 కూడా వర్క్‌స్టేషనే, దాంట్లో చిప్ బోర్డుకే అతికి ఉంటది. 2018లో వచ్చిన డెల్ 7530, 7730 కాణ్ణించి వాళ్ళు సొంత సైజు కార్డులు పెట్టుకున్నారు, అంతకుముందు మోడల్ కార్డు వీటిల్లో పట్టదు. అసలు ఎమ్‌ఎక్స్‌ఎమ్‌లోనే రెండు సైజులు ఉండాయి, టైప్ ఏ అంటే 82 బై 70 మిల్లీమీటర్లు, టైప్ బీ 82 బై 105. ఎమ్4800లో ఏ, ఎమ్6800లో బీ. ఇదంతా షాపోడికి తెలుసు, కొనేవాడికే తెలీదు.

సరే కార్డు పట్టింది అనుకుందాం. అప్పుడు మొదలయ్యేది కరెంటు గొడవ. టైప్ ఏ కార్డులు మామూలుగా 55 వాట్ల దాకా తాగుతాయి, క్వాడ్రో (ఎన్‌విడియా వర్క్‌స్టేషన్ కార్డుల పేరు) కే5100ఎమ్, ఎమ్5000ఎమ్ లాంటి బీ కార్డులు 100 వాట్లు. ఎమ్4800కి 180 వాట్ల అడాప్టర్, ఎమ్6800కి 240 వాట్లది ఇచ్చేవాళ్ళు కంపెనీ వాళ్ళు. మనకి షాపులో చేతిలో పెట్టేది ఏదో ఒక డూప్లికేట్ అడాప్టర్, పిన్ను పట్టింది కదా అని. డెల్ అడాప్టర్ పిన్ను మధ్యలో సన్న సూది ఒకటి ఉంటది, అది నేను ఇన్ని వాట్లు అని ల్యాప్‌టాప్‌కి చెప్తది, ఆ కబురు అందకపోతే బ్యాటరీ చార్జ్ అవ్వదు, ప్రాసెసర్ స్పీడు తగ్గించేసుకుంటది. అప్పుడు కొన్నోడు ఏమనుకుంటాడు, కార్డు వేస్ట్ అబ్బా అనుకుంటాడు, అడాప్టర్ సంగతి ఎవరికి తడతది. బయోస్‌లోకి (విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల స్క్రీన్) పోయి చూస్తే అడాప్టర్ ఎన్ని వాట్లో అక్కడే చూపిస్తది, నిమిషం పని.

వేడి గురించి వేరే చెప్పాలా, మే నెలలో మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఎండ 40 దాటిపోతది, ఏసీ లేని గదిలో రెండర్ (గీసిన డిజైన్‌ని పూర్తి బొమ్మగా, వీడియోగా తయారుచేయించే బరువు పని) పెడితే ఆ మిషన్ పక్కన కూర్చోలేం. పెద్ద కార్డు వేసినప్పుడు దానికి తగ్గ హీట్‌సింక్ (వేడి లాగేసే లోహపు ముక్క) కూడా మార్చాలి, పాత చిన్న కార్డు హీట్‌సింక్ కొత్త కార్డు మీద మెమరీ చిప్పులన్నింటికీ ఆనకపోవచ్చు. మెమరీ చిప్పుల మీద పెట్టే మెత్తటి పట్టీ, థర్మల్ ప్యాడ్, అర మిల్లీమీటర్ వెయ్యాల్సిన చోట ఒక మిల్లీమీటర్ వేస్తే మెయిన్ చిప్‌కి హీట్‌సింక్ తగలదు, మధ్యలో గాలే ఉంటది. ఇంకోటి, పోయిన కార్డుని హీట్ గన్‌తో కాల్చి బాగైందని అమ్మేవాళ్ళు ఉండారు, అది కొన్నాళ్ళు బానే పనిచేస్తది, సరిగ్గా వారంటీ మాట మర్చిపోయేదాకా.

ఇంక డ్రైవర్, అంటే కార్డుని విండోస్‌తో కలిపి పనిచేయించే సాఫ్ట్‌వేర్. ఒక కంపెనీ ల్యాప్‌టాప్‌లోంచి పీకిన కార్డు ఇంకో కంపెనీ దాంట్లో వేస్తే ఎన్‌విడియా సెటప్ చాలాసార్లు నీ దగ్గర తగిన కార్డే లేదు పొమ్మంటది. కారణం ఏందంటే ప్రతి కార్డుకీ ఒక నంబర్ ఉంటది, ఆ నంబర్‌లో ల్యాప్‌టాప్ కంపెనీ కోడ్ కూడా కలిసి ఉంటది, డెల్‌కి 1028, హెచ్‌పీకి 103సి, ఆ జోడీ డ్రైవర్ లిస్టులో లేకపోతే ఎక్కదు. దీనికి డ్రైవర్‌తో వచ్చే ఐఎన్‌ఎఫ్ ఫైల్ (ఆ లిస్టు ఉండే ఫైల్) తెరిచి ఆ నంబర్ కలిపి, విండోస్‌లో డ్రైవర్‌ని ఎవరూ మార్చలేదు కదా అని చూసే సంతకం చెకింగ్ ఆపి ఎక్కిస్తారు. చెయ్యొచ్చు, తప్పేం కాదు, కానీ తర్వాత కొత్త డ్రైవర్ వెయ్యాలన్నప్పుడు మళ్ళీ ఇదే తంతు, ఆ సంగతి చెప్పకుండా మిషన్ చేతిలో పెడితే ఆర్నెల్లకి స్క్రీన్ బొమ్మ పాడై వాడు తల పట్టుకుంటాడు. కే అక్షరంతో మొదలయ్యే కెప్లర్ తరం క్వాడ్రోలకి అయితే కొత్త డ్రైవర్లు 470 సిరీస్ కాడే ఆగిపోయినాయి, కుడా (కార్డు మీద లెక్కలు చేయించే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్) 12 నించి వాటిని తీసేశారు, అంటే ఈమధ్య వచ్చిన రెండరింగ్ సాఫ్ట్‌వేర్ కొన్ని ఆ కార్డుని అసలు లెక్కలోకే తీసుకోవు. అప్‌గ్రేడ్ అని చెప్పి అదే కార్డు వేస్తే ఏమనాలి?

సెట్టింగుల విషయం కూడా ఉంది. ఈ మిషన్లలో ఇంటెల్ గ్రాఫిక్స్, ఎన్‌విడియా రెండూ ఉంటాయి, బయోస్‌లో స్విచబుల్ గ్రాఫిక్స్ ఆన్‌లో ఉంటే స్క్రీన్‌కి బొమ్మ ఇంటెల్ ద్వారానే పోతది, బరువు పనికి మాత్రమే ఎన్‌విడియా లేస్తది. ఒక్కోసారి అది లేవనే లేవదు, కార్డు పెట్టె లోపల నిద్రపోతా ఉంటే మనం ఇంటెల్ మీద రెండర్ పెట్టుకుని తిట్టుకుంటా ఉంటాం. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అని ఉంటది, అక్కడ మన సాఫ్ట్‌వేర్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టుకోవాలి, ఆటోక్యాడ్‌లో అయితే గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ అని కమాండ్ కొడితే ఏ కార్డు మీద నడుస్తా ఉందో తెలిసిపోద్ది. అన్నట్టు టూడీ ప్లాన్లు మాత్రమే గీసుకునే వాళ్ళకి ఈ కార్డు గోలే అక్కర్లేదు, ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించుకోండి, త్రీడీ బొమ్మలకి లూమియన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకీ ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వీడియోలు చేసేవాళ్ళకీ అయితేనే కార్డు కావాలి. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్తే వాళ్ళకి బేరం పోద్ది, కాబట్టి చెప్పరు, అది వాళ్ళ తప్పు అని కూడా అనలేను.

కానీ బిల్లు దగ్గర మాత్రం ఊరుకోకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయమైన వ్యాపారం కిందికి వస్తది. ఒంగోల్లోనూ నెల్లూరులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉండాయి, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కంప్లయింట్ రాసుకుంటారు. ఇంత ఉండి ఏం లాభం, మన చేతిలో ఉండే కాయితం మీద యూజ్డ్ ల్యాప్‌టాప్, నో వారంటీ అని రెండు ముక్కలే ఉంటే ఏం చూపించి అడుగుతాం? లోపల చిన్న కార్డు కే2100ఎమ్ ఉందా పెద్దది ఎమ్5000ఎమ్ ఉందా అన్నదానికి రుజువేది? కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ అందులో ఉండాయి, మంచిదే, కానీ అది కంపెనీలతో పని, మన ట్రంకు రోడ్డు షాపు దాకా అది రాదు.

కాబట్టి షాపుల వాళ్ళకి నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కార్డు పేరు, మెమరీ ఎంత, కొత్తదా వాడిందా రిపేర్ చేసిందా, అడాప్టర్ ఎన్ని వాట్లు, డ్రైవర్ మామూలుదా మార్చిందా, కార్డుకి వారంటీ ఎన్నాళ్ళు, ఇవి బిల్లు వెనక పెన్నుతో రాసి స్టాంపు వేస్తే చాలు. కొనేవాళ్ళు కూడా డబ్బులు ఇచ్చే ముందు జీపీయూ-జెడ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసి కార్డు పేరు చూసుకుని, అక్కడే అరగంట రెండర్ నడిపి చూడండి, మొహమాటపడితే మనకే నష్టం. షాపులో అన్నా ఎందుకన్నా అంత అనుమానం అంటాడు, అననీయండి.

మీ పేపర్‌కి కూడా ఒక మనవి, ఇట్టాంటి ప్రకటన తీసుకునేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్, వేసిన కార్డు పేరు లేకుండా తీసుకోవద్దని మీ ఏజెంట్లకి చెప్పండి, ఒక లైను ఎక్కువైతే ఆ డబ్బులు ప్రకటన ఇచ్చేవాడి దగ్గరే వసూలు చేసుకోండి.

ఇట్లు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్, ఒంగోలు